ఏకాభిప్రాయ గది

1. తలుపు పడిన రోజు

లోపలికి రాగానే మేము చేసిన మొదటి పని మంచాల కోసం కొట్లాడుకోవడం. ఏడుగురం ఉన్నాం. గాలి గొట్టం కింద మంచాలు మూడే. అడుగూరులో, అంటే ఈ పాత బొగ్గు గనిలో పుట్టి పెరిగినవాళ్ళకి గాలి గొట్టం విలువ చెప్పనక్కర్లేదు. స్వరూప మొండిదని కాలేజీ అంతటికీ తెలుసు కాబట్టి ఒకటి నాకే దక్కింది.

ఎనిమిదో మంచం గది నడిమధ్యలో ఉంది. దానికి పోటీ లేదు, అది రాజమల్లు కాకది. ఏళ్ళ తరబడి సొరంగంలో డ్రిల్లు పట్టి నడుము పోగొట్టుకున్న మనిషి. ఆయన మంచం కింద ఒక యంత్రం ఉంది. నాడి, ఊపిరి, ఒంటి వేడి చూస్తుంటుంది. వాటిలో ఏది ప్రాణం మీదికొచ్చేలా తప్పినా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

అలాంటిది జరగనంతవరకూ తలుపు తెరిపించే దారి ఒక్కటే. గోడ మీద మా ఒక్కొక్కరి పేరు కింద రెండేసి మీటలున్నాయి. ఒకటి ‘పనిచేస్తుంది’, రెండోది ‘పనిచేయదు’. ఏడుగురం ఒకే మాట మీదికి రావాలి. ‘తెలియదు’ అనే మీట లేదు. ఉంటే నేను ఈపాటికే నొక్కేసి, బయట క్యాంటీనులో కూర్చుని ఉండేదాన్ని.

తలుపు వేసేముందు ప్రభావతి మేడమ్ ఏటా చెప్పే మాటే మాకూ చెప్పారు. "పెద్ద డాక్టర్లకు ఎవరి దుకాణం వాళ్లకుంటది. రోగికి ఆశ ఉంటది. మీకు చేతులకు పని వచ్చింది గని దుకాణం ఇంకా రాలే. అందుకే ఊరు మిమ్మల్ని అడుగుతది. బయట తిరగనిస్తే ఎవరో ఒకరు మీ మనసు మారుస్తరు. అందుకే ఈ తలుపు."

ఏటా చివరి సంవత్సరం ఫిజియోథెరపీ బ్యాచ్‌ని ఇలా ఒక రోగితో, ఒక నాటు వైద్యంతో కలిపి మూసేస్తారు. మేము తేల్చిందే ఊరికి నియమం. ఈ ఏడు వంతు నడుము నొప్పికి కాపడం పెట్టే వావిలాకు మూటది. ఆ మూట పెట్టేది జరీనమ్మ. ఆమె కూతురు నస్రీన్ మా బ్యాచే, నా పక్క మంచమే, నా ప్రాణ స్నేహితురాలు. చుట్టరికం ఉన్నవాళ్ళు తప్పుకోవాలని నియమం పెడితే అడుగూరులో ఏ బ్యాచ్‌లోనూ మనిషి మిగలడు, కాబట్టి ఎవరూ పెట్టలేదు. మేము ఔనంటే జరీనమ్మకి ఆసుపత్రిలో గది ఇస్తారు. కాదంటే ఆమె ఇక జన్మలో ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయకూడదు.

2. మూట కట్టే పద్ధతి

పొద్దున లేవగానే నస్రీన్ పొయ్యి దగ్గర కూర్చుంటుంది. వావిలాకు తరిగి, తవుడుతో కలిపి, ఆముదం చుక్కలు వేసి వేయిస్తుంది. పాత చీర ముక్కలో పోసి గట్టిగా ముడి వేస్తుంది. ముందు తన మణికట్టు లోపలి వైపు ఆనించుకుని చూసుకుంటుంది. ఆ తర్వాతే కాక నడుము మీదికి తెస్తుంది. కాక బోర్లా పడుకుని "హా" అంటాడు. ఆ ఒక్క "హా" కోసమే గదిలో సగం మంది మనసు కరిగిపోయింది.

ఉపేందర్ మనసు కరిగే రకం కాదు. చదువులో మా అందరికంటే ముందుంటాడు, ఆ సంగతి మేము మర్చిపోతామేమోనని అతనికి ఒకటే బెంగ. "వేడినీళ్ల సంచి పెడితే గూడ గిట్లనే హాయిగుంటది. ఆకుల ఏముంది?" అన్నాడు.

"మరి వార్డుల నీ సంచి మూడు నెలలు పెట్టినవు గద. కాక ఒక్కనాడన్న నడుమెత్తిండా?" అంది నస్రీన్.

"అది నీ చెయ్యి తాకినందుకు. మూట గొప్పతనం కాదు."

నాకు ఇద్దరూ సగం సగం కరెక్టే అనిపిస్తుంది. సుఖం నిజం. అది ఆకు వల్లా, వేడి వల్లా, నస్రీన్ చెయ్యి వల్లా అన్నది ఒక్క నడుముని చూసి ఎలా చెప్పడం? ఆ మాటంటే మిగతా నలుగురూ నా మీద విరుచుకుపడ్డారు. వాళ్ళు నస్రీన్ పక్షం. నేనేమో ఏ పక్షమూ కాదు, అందుకని అందరికీ కానిదాన్నే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. రోజూ పొద్దున గోడ స్పీకరు కాకని అడుగుతుంది: "నొప్పి ఎలా ఉంది?" ఆయన ఏమంటే అది రికార్డవుతుంది. నొప్పి తగ్గిందంటే ఆ రోజంతా ‘పనిచేయదు’ మీటలు చచ్చుబడిపోతాయి, నొక్కినా దీపం వెలగదు. తగ్గలేదంటే ‘పనిచేస్తుంది’ మీటల గతి అంతే. రోగి మాటని పిల్లలు కాదనకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు. విన్నప్పుడు నాకూ న్యాయంగానే తోచింది. కాక ఏ రోజుకారోజు "ఏమో బిడ్డా, చెప్పరాదు" అంటున్నాడు, తగ్గిందనీ తగ్గలేదనీ తేల్చడు కాబట్టి ఇప్పటిదాకా దాని అవసరం పడలేదు.

3. వావిలి కంపు

నా జుట్టుకి వావిలి కంపు. అన్నానికి వావిలి కంపు. గోడలో ఉన్న చిన్న అర లోంచి భోజనం పళ్ళేలు వస్తాయి, ఖాళీవి అటు వెళ్తాయి. అవతల ఎవరు తోస్తున్నారో కనిపించదు. స్పీకరు మాకు చెబుతుంది గానీ, పొద్దున కాక చెప్పే జవాబు తప్ప మా మాట వినదు. మొదట్లో తలుపు దగ్గరికి వెళ్ళి ఊరికే చెయ్యి ఆనించి వచ్చేదాన్ని. ఇప్పుడు అటు చూడటం మానేశాను. చూస్తే ఊపిరి బిగుసుకుంటోంది. పుట్టినప్పటినుంచీ భూమి కింద బతికే మనిషికి గది చూసి భయమేమిటని నన్ను నేనే ఎగతాళి చేసుకున్నాను, భయం మాత్రం పోలేదు.

అందరూ విసిగిపోయారు. ఒకమ్మాయి రోజంతా దుప్పటి కప్పుకునే ఉంటోంది. ఇప్పుడు ఎవరికీ వావిలాకు మీద అభిప్రాయం లేదు, బయటికి వెళ్ళడం మీదే ఉంది. "నీదేం పోతది స్వరూపా, ఔనని నొక్కరాదు?" అని అటూ ఇటూ తిరిగేవాళ్ళంతా నన్నే గిల్లుతున్నారు. ఉపేందర్‌ని అడిగే ధైర్యం లేదుగా.

నిన్నటినుంచి కాక ఎడమ కాలు తిమ్మిరెక్కుతోందంటున్నాడు.

"రక్తం పారుతుంది కాకా. మూట గుణం కాలుదాకా దిగుతుంది," అంది నస్రీన్.

"నీ ఆముదం పడతలేదు," అన్నాడు ఉపేందర్.

దాని మీద మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. నేను గాలి గొట్టం కింద పడుకుని వింటూ నవ్వుకున్నాను.

4. నొప్పి పోయింది

ఈ రోజు పొద్దున స్పీకరు అడగగానే కాక గొంతు గది నిండా మోగింది. "నొప్పి పోయింది బిడ్డా. మూడేండ్ల సంది పట్టుకున్న నొప్పి. ఒక్క రవ్వ గూడ లేదు."

‘పనిచేయదు’ మీటలన్నీ చచ్చుబడ్డాయి. నస్రీన్ కాక పాదాల దగ్గర కూర్చుని ఏడ్చేసింది. ఆ ఏడుపు చూస్తే నాకూ కళ్ళు తడిశాయి. నలుగురూ చకచకా నొక్కేశారు, నస్రీన్ నొక్కింది. చివరికి ఉపేందర్ కూడా లేచాడు. "మనిషే పోయిందంటుండు. నేనేమంట ఇంక," అంటూ నొక్కి, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

మిగిలింది నేను. నిజం చెప్తున్నాను, నేనూ నొక్కడానికే లేచాను. ఇంట్లో తినబోయే పప్పుచారు గురించి ఆలోచిస్తూ నడుస్తున్నాను. కాక మంచం పక్కనుంచి వెళ్తుంటే అప్పుడే పొయ్యి మీంచి దించిన మూట కనిపించింది. ఈ సంబరంలో ఎవరో మంచం మీద పెట్టి మర్చిపోయారు. అది కాక ఎడమ పిక్కకి ఆనుకుని ఉంది. కాక నన్ను చూసి నవ్వుతున్నాడు. మూట తీసి చూస్తే కింద చర్మం ఎర్రగా కమిలి, పొక్కు లేస్తోంది.

"కాకా, కాలుతలేదా?"

"ఏంది బిడ్డా కాలేది?"

పిన్ను తెచ్చాను. రెండు కాళ్ళకీ పాదం, పిక్క, తొడ వెనక గుచ్చుతూ వెళ్ళాను. ఆయన పైకప్పు చూస్తూనే ఉన్నాడు. తర్వాత సిగ్గు పక్కన పెట్టి, సైకిల్ సీటు మీద కూర్చుంటే తగిలే చోటంతా దూదితో తాకాను. అక్కడ కూడా తెలియలేదు. "ఒంటికి పోయినవా కాకా?" అని అడిగితే, "నిన్న పొద్దుగూకిన సంది రాలే. నీళ్లు తక్కువ తాగుతున్న గద," అన్నాడు.

రెండో సంవత్సరం మొదటి పాఠం ఇది. నడుములో డిస్కు జారి కిందికెళ్ళే నరాల కట్టని మొత్తంగా నొక్కేస్తే ఇలా అవుతుంది. నొప్పి పోలేదు, నొప్పిని చెప్పే నరం మూగబోయింది. ఒక పూటలోగా ఆపరేషన్ పడకపోతే కాళ్ళూ పోతాయి, మూత్రం మీద పట్టూ పోతుంది. పాఠం ఏడుగురికీ కంఠతా వచ్చు. తిమ్మిరి అన్నప్పుడు ఒక్కరమూ పిన్ను పట్టుకోలేదు. ఎవరి వాదానికి ఆ తిమ్మిరిని వాళ్ళు సాక్ష్యంగా వాడుకున్నాం, నేను పడుకుని తమాషా చూశాను.

ఇక్కడే నేనొక పని చేశాను. నోరు మూసుకుని నా మీట నొక్కి ఉంటే తలుపు అప్పుడే తెరుచుకునేది. నేను నొక్కలేదు. అందరినీ పిలిచి, పిన్ను గుచ్చి చూపించాను. ఉపేందర్ ముఖం తెల్లబోయింది. మరుక్షణం వెళ్ళి తన మీట వెనక్కి లాగేశాడు. ఒకరు వెనక్కి లాగితే అందరివీ పోతాయి. ఆరు దీపాలూ ఒక్కసారిగా ఆరిపోయాయి.

నిజం చెప్పి తలుపు మూసేశాను.

5. అదే రోజు, మధ్యాహ్నం

ముందు యంత్రాన్ని మోసం చేయాలని చూశాం. కాకని ఊపిరి బిగపట్టమన్నాం. పాపం, కళ్ళు తేలేసేదాకా బిగపట్టాడు. యంత్రం ఓపిగ్గా చూసి ఊరుకుంది. నస్రీన్ వేడి మూట తెచ్చి ఆయన నుదుటి మీద, చంకల్లో పెట్టింది, జ్వరమనుకుంటుందేమోనని. స్పీకరు మెత్తగా "కాపడం వేడి గుర్తించబడింది" అంది. నాకు ఆ గొంతు పట్టుకుని నలిపేయాలనిపించింది. నాడి బాగుంది, ఊపిరి బాగుంది. కాళ్ళు పోవడం ఆ యంత్రం లెక్కలో ప్రాణం పోవడం కాదు.

భోజనం అరలోకి అరిచాం. ఖాళీ పళ్ళెం మీద చారుతో ‘డాక్టర్’ అని రాసి పంపాను. అవతల కడిగేసి ఉంటారు. మధ్యాహ్నం పళ్ళేలు మామూలుగానే వచ్చాయి.

మిగిలింది మీటలే. అందులోనూ ఈ రోజుకి ‘పనిచేస్తుంది’ ఒక్కటే బతికుంది. కాక గొంతు పొద్దున రికార్డయిపోయింది కదా.

"నేను నొక్క," అన్నాడు ఉపేందర్. "రేపు పొద్దుగాల కాక నిజం చెప్తడు, అప్పుడు కాదని నొక్కుదాం."

"రేపటికి నేనుగూడ కాదనే నొక్కుత," అంది నస్రీన్. ఆ మాటకి ఆమె ఏమి వదులుకుంటోందో గదిలో అందరికీ తెలుసు. "గని రేపటికి కాక కాళ్లు ఉండయి ఉపేందర్."

"నాకు తెల్వదా? ఇప్పుడు ఔనంటే ఏమైతది జెర ఆలోచించుండ్రి. కాక గొంతు ఊరంత ఇనిపిస్తరు. రేపటినుంచి కాలు మొద్దుబారినోడల్ల మూట పెట్టించుకుంట కూసుంటడు. ఒక్కని కాళ్ల కోసం ఎంతమందివి తీస్తం? మనకు మళ్ల నోరు విప్పే హక్కు గూడ ఉండదు."

అతను చెప్పిందాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు, అందుకే అతని మీద అంత కోపం వచ్చింది. "నువ్వు చెప్పే వాళ్లంత ఎక్కడున్నరు? కాక ఇక్కడున్నడు," అని మాత్రం అన్నాను. ఉపేందర్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వాదనలో ఓడించగలిగే మనిషి కాడు.

ఇదంతా కాక వింటూనే ఉన్నాడని మాకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఉపేందర్," అని పిలిచాడు. "ఇటు రా బిడ్డా. నన్ను జెర లేపు. ఒంటికి పోవాలె."

ఉపేందర్ వచ్చాడు. వెనక నుంచి చంకల కింద చేతులు దూర్చి, క్లాసులో నేర్పినట్టు తన మోకాళ్ళు వంచి, కాకని మంచం అంచు మీద కూర్చోబెట్టాడు. నేను కుండ పట్టుకుని, తల పక్కకి తిప్పుకుని నిలబడ్డాను. కాక తల ఉపేందర్ ఛాతీ మీద వాలింది. ముక్కాడు, దమ్ము తీసుకున్నాడు, మళ్ళీ ముక్కాడు. ఏమీ రాలేదు. ఉపేందర్ ఒక చెయ్యి ముందుకు తెచ్చి ఆయన పొత్తికడుపు మీద పెట్టాడు. అది రాయిలా బిగుసుకుని ఉందని చూస్తేనే తెలుస్తోంది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"మొత్తానికి ఊరి మంచి నువ్వు చెప్పినవు, మంచిదే," అన్నాడు కాక, ఆయాసపడుతూ. "ఆ బాధ నాకియ్యి బిడ్డా. నేను బయటికి పోతె గద ఎవరికన్న చెప్పేది. నాకెవడు నోరు కుట్టలే."

ఉపేందర్ ఆయన్ని జాగ్రత్తగా పడుకోబెట్టాడు. కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి మంచం మీద సర్దాడు. దుప్పటి కప్పాడు. వెళ్ళి నొక్కాడు. నలుగురూ వెనకే నొక్కారు, నేనూ నొక్కాను.

నస్రీన్ మీట దగ్గర నిలబడిపోయింది. "ఇది అబద్ధం స్వరూపా. అమ్మీ పేరు మీద అబద్ధం."

"అవును. నొక్కు."

నొక్కింది. తలుపు తెరుచుకుంది. అన్ని రోజుల తర్వాత లోపలికొచ్చిన చల్లగాలికి మేమెవరం సంతోషించలేదు, స్ట్రెచర్ కోసం పరుగెత్తాం.

6. గది బయట

ఆపరేషన్ అయింది. మూత్రం పట్టు తిరిగొచ్చింది. కుడికాలు వచ్చింది. ఎడమకాలు మోకాలి కింద మొద్దుగానే ఉంది, కర్ర పట్టుకుంటే నడుస్తాడు. సర్జన్ "ఇంకొంచెం ముందే తేవాల్సింది" అన్నాడు. ఆ ఇంకొంచెంలో నా వంతు ఎంతో నాకు తెలుసు.

ప్రభావతి మేడమ్‌కి చెప్పబోయాను. "మేడమ్, కాకకు నొప్పి పోవుడు..." అనేసరికి ఆమె తన అరచేత్తో నా నోరు మూశారు. గట్టిగా కాదు, అమ్మ మూసినట్టే మూశారు. "గది మాట గదిలనే. నువ్వు మాట్లాడితె మీ ఏడుగురి పట్టీలు తీస్తరు, ఇన్నందుకు నాది తీస్తరు." చేతికున్న ఆ పట్టీ లేకపోతే మేము రోగిని ముట్టుకోకూడదు. ఏకాభిప్రాయం ఇచ్చినవాళ్ళు దాని మీద మళ్ళీ మాట్లాడకూడదన్నది నియమం. మాట్లాడితే ఏడుగురి పట్టీలూ పోతాయి.

జరీనమ్మకి గది ఇచ్చారు. ఆమె మా అందరికీ సేమియా పాయసం పంపింది. నస్రీన్ ముట్టుకోలేదట. "నా బిడ్డకు దిష్టి తగిలింది, మాట్లాడుతనే లేదు," అని జరీనమ్మ నాతో చెప్పుకుని బాధపడింది. నేను పాయసం బాగుందన్నాను. ఇంకేమనను.

ప్రతి గ్యాలరీలోనూ, అంటే మా సొరంగం వీధులన్నిట్లో, పొద్దున స్పీకర్లలో కాక గొంతు వినిపిస్తోంది. "నొప్పి పోయింది బిడ్డా. మూడేండ్ల సంది పట్టుకున్న నొప్పి." నేను మెట్లు మారి వెళ్తే ఆ మెట్ల దగ్గరా ఒక స్పీకరుంది. గది ఇంకాస్త పెద్దదైంది, అంతే.

7. జరీనమ్మ గది ముందు

నాకు డ్యూటీ ఇక్కడే పడింది, మూట గది వాకిట్లో. వచ్చినవాళ్ళని వరుసలో కూర్చోబెట్టడం నా పని. అభిప్రాయం చెప్పకూడదన్నారు గానీ ప్రశ్న అడగొద్దని ఎవరూ అనలేదు. నస్రీన్‌కీ ఆ సందు దొరికింది. లోపల ఆమె, బయట నేను, వచ్చిన ప్రతి మనిషినీ అవే అడుగుతున్నాం. కాలు మొద్దుబారిందా, ఒంటికి సరిగ్గా వస్తోందా. ఎక్కువమందికి ఉత్త నడుము పట్టేసి ఉంటుంది. జరీనమ్మ మూట పెడితే నవ్వుతూ వెళ్తారు. మూట పనిచేయదని నేను గది లోపలా అనలేదు, బయటా అనను.

ఈ రోజు ఐదో గ్యాలరీ నుంచి ఒకామె వచ్చింది. వంటశాలలో పెద్ద గిన్నెలు ఎత్తే మనిషి, ఎడమ కాలు ఈడుస్తోంది.

"నొప్పి తగ్గిందమ్మా, కాలు జెర మొద్దుబారింది. నిన్నటిసంది ఒంటికి సక్కగ వస్తలేదు. ఇంకో నాలుగు మూటలు పడితె అదిగూడ పోతది," అంది.

నేను లేచి గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏంది, జరుగు. పనిచేస్తదని చెప్పింది మీ బ్యాచే గద?"

నోరు తెరిచాను. లోపల నుంచి నస్రీన్ నా వైపే చూస్తోంది. ఏడు పట్టీలు నా నాలుక మీద కూర్చున్నాయి. గుమ్మం మాత్రం వదల్లేదు. వెనక వరుసలో గొణుగుడు మొదలైంది. ఆమె నా భుజం పట్టుకుని పక్కకి నెట్టబోయింది.

"చెల్లె, ఇటు రా," అన్న గొంతు విని ఆగిపోయింది. రోజూ స్పీకరులో వినే గొంతు అది. గోడవార బెంచీ మీద రాజమల్లు కాక కూర్చుని ఉన్నాడు. నాకిక్కడ డ్యూటీ పడిన రోజునుంచీ వస్తున్నాడు. నేను పిలవలేదు, ఆయన నన్ను అడగలేదు.

"నువ్వేనా అన్నా ఆ నొప్పి పోయిన మనిషివి?" ఆమె ముఖం విప్పారింది.

"నేనే. కూసో." ఎడమ కాలు మీద ప్యాంటు మోకాలి దాకా లాక్కున్నాడు. పిక్క మీద పాత కాలిన మచ్చ గోధుమరంగులో మెరిసింది. "ఇక్కడ గిచ్చు. గట్టిగ."

ఆమె నవ్వింది, సిగ్గుపడింది, నా వైపు చూసింది. తర్వాత వంగి గిచ్చింది. సరిగ్గా అప్పుడే పైన స్పీకరు మొదలుపెట్టింది: నొప్పి పోయింది బిడ్డా. కాక తలెత్తి తన గొంతు తానే వింటూ కూర్చున్నాడు. అది పూర్తయ్యాక ఆమె వైపు తిరిగాడు.

"గిచ్చు చెల్లె. సిగ్గెందుకు?"

ఆమె చెయ్యి తీసేసింది. పిక్క మీద గోళ్ళు దిగిన గుర్తులు రెండు ఎర్రగా ఉన్నాయి.

"గిచ్చిన అన్నా," అంది. ఆ గుర్తుల వంకే చూసింది. తర్వాత తన కాలు తాను గిచ్చుకుని చూసుకుంది. లేచి నా దగ్గరికొచ్చి, చిన్న గొంతుతో అడిగింది. "పెద్ద డాక్టరు గది ఎటు దిక్కు బిడ్డా?"

నేను చెయ్యి చాపి చూపించాను.